పాఠకుని యొద్దకు నడచిన రచన

అబుధాబి ద్వీపమును వంతెనల మీదుగా దాటి అల్ ఐన్ దిక్కునకు పోవు రహదారి చెంత, ముసఫా పారిశ్రామిక వాడకు అనతిదూరమున, బనియాస్ అను పట్టణభాగమొకటి కలదు. నేటి అబుధాబి పాలకులగు అల్ నహ్యాన్ వంశీయులు ఏ బనీ యాస్ తెగల కూటమికి చెందినవారో, ఆ కూటమి పేరే దీనికి వచ్చినది. జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతముల నుండి జీవనోపాధికై ఎమిరేట్లకు తరలివచ్చి ఇట్టి చోట్ల నివసించు తెలుగువారిలో, పగలెల్ల శ్రమించి రాత్రివేళ గదిలో మంచముపై కూర్చుండి తమకు తోచినదానిని తెలుగున వ్రాసికొనువారు తక్కువమంది కారు. ఒకరు ఊరి చెరువును గూర్చి పద్యము కట్టుదురు. ఒకరు ఏజెంటు చేతిలో మోసపోయిన వైనమును వ్రాయుదురు. వేరొకరు బతుకమ్మ నాటికి ఇల్లు చేరలేని దిగులును కథగా మలతురు. వ్రాసినదానిని ఫోనులో తోటివారికి పంపుదురు. ఇద్దరో ముగ్గురో మాత్రమే చదివిరని తెలిసినప్పుడు వారి మనసు చిన్నబోవును.

తెలుగువాడు చదువడను మాట ఇట్టి సమయముననే పుట్టుచుండును. ఆ మాటను నేను అంగీకరింపను. మన పత్రికల చరిత్రను తిరుగవేసినచో, ఆదినుండియు చదువరి సిద్ధముగానే యున్నాడనియు, అతడు నిలిచిన చోటికి రచనను మోసికొనిపోవు శ్రద్ధ ఎవరికి కలదో వారికే అతడు లభించెననియు స్పష్టమగుచున్నది.

ప్రవాసమున నున్నవారికి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి కథ మిక్కిలి దగ్గరిది. కృష్ణాజిల్లా యెలకుర్రులో పుట్టిన ఆయన బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును నెలకొల్పి, సంగీత సభలలో దానిని ఉచితముగా పంచి, కొనువాడు వచ్చువరకు వేచియుండక తానే అతని కడకు పోయెను. ఆంధ్రపత్రికను వారపత్రికగా 1908లో ఆయన ప్రారంభించినది ఆ బొంబాయి నగరముననే. కామాఠీపురమను పేటకు పేరిచ్చిన కూలీలును, నూలు మిల్లులలో పనిచేసిన తెలంగాణపు పద్మశాలీలును ఆ నగరమున తెలుగు మాటను నిలిపియుంచిరి. నేడు గల్ఫునకు పోవుచున్నవారిలో పెక్కుమంది తెలంగాణ జిల్లాలవారే. పరాయి సీమలో తెలుగు అక్షరమునకు ఎంత ఆకలి యుండునో పంతులుగారు ఎరుగుదురు. అయినను ఆయన అంతటితో తృప్తి చెందలేదు. అప్పటి బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాలకు రాజధానియగు మద్రాసులో 1914లో ఆంధ్రపత్రికను దినపత్రికగా నెలకొల్పి, 1924లో సాహిత్యము కొరకు భారతి మాసపత్రికను వేరుగా ఆరంభించెను. నాటి వార్తను కోరువాడొకడు, నెలకొకసారి తీరికగా విమర్శ చదువుకొనువాడు వేరొకడు. ఇరువురను ఒకే పుటలో కుదించి తృప్తిపరచుట కష్టమని ఆయన గ్రహించెననుటకు ఈ రెండు పత్రికలే సాక్ష్యము.

నా దృష్టిలో ఇంతకంటెను గొప్ప ఉదాహరణము హైదరాబాదున నున్నది. ఉర్దూ రాజభాషగా నున్న నైజాము రాజ్యములో సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరని ఒకరు వ్రాసినప్పుడు, ఆయన కోపోక్తులతో బదులు వ్రాసి యూరకుండలేదు. ఊరూరి నుండి కవుల రచనలను రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వాదమునకు సమాధానముగా ఈ సంచిక సుప్రసిద్ధము. పాఠకులను కూడగట్టు విద్యగా దీనిని ఎవరును తగినంతగా తలచినట్లు లేదు. మారుమూల పల్లెలోని పండితుడు తన పద్యమును, తన పేరును, తన ఊరి పేరును అచ్చులో చూచుకొన్ననాడు, అతని ఇల్లే కాదు, అతని శిష్యులు, బంధువులు, పొరుగువారు ఆ పుస్తకమును విప్పి చూడక మానుదురా? తాను ముందుగా వందలమంది రచనలను చదివిన సంపాదకునికి వేలమంది చదువరులు కలుగుటలో వింత యేమున్నది?

బనియాసులోని రచయితకు ఇందలి సూచన సుస్పష్టము. తన రచనను పంపుటకు ముందు తోటివారు వ్రాసినవానిని చదువవలెను. చదివితినని ఊరకే మెచ్చుకొనుట గాక, అందులో ఏ వాక్యము తనను పట్టి నిలిపినదో వారికి చెప్పవలెను. తన గదిలోని వంటవాని కథను, తమ బస్సు నడుపు సోదరుని కథను, వారి అనుమతితో, వారి ఊరి పేరుతో వ్రాయవలెను. ధర్మపురి అను పేరు మొదటి వాక్యముననే కనబడినచో ధర్మపురివాడు ఆగును; "ప్రవాస జీవితము మిక్కిలి దుర్భరము" అని మొదలిడినచో ఎవ్వడును ఆగడు, ఏలయన ఆ సంగతి అతనికి మనకంటె బాగుగా తెలియును.

పుస్తకమును చదువరి చేతికే అందించినవారి సంగతియు చెప్పవలసియున్నది. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువలపై పడవలో గ్రంథాలయమును నడిపి రేవురేవునకు పుస్తకములను చేర్చిరి. దేశోద్ధారకుడని ఆంధ్రులు గౌరవించిన నాగేశ్వరరావు పంతులుగారు మరణించిన 1938వ సంవత్సరముననే వట్టికోట ఆళ్వారుస్వామిగారు సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి.

ఎమిరేట్లలో రచనను మోయనక్కరలేదు గాని, చదువరి వేళను ఎరుగవలసిన పని మిగిలియేయున్నది. ఇచటి గడియారము భారతదేశపు గడియారమునకు గంటన్నర వెనుక నడచును. కనుక ఇచట రాత్రి తొమ్మిదిన్నరకు పంపిన కథ సిరిసిల్లలో పదకొండు గంటలకు, ఇల్లాలు నిద్రించిన పిమ్మట చేరును. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడు గంటల దాక, ఎండలో ఆరుబయట పనిచేయించుట ఇచట నిషిద్ధము. ఆ విరామమున నీడను కూర్చున్నవానికి రెండు నిమిషములలో ముగియు రచన ప్రియము. దీర్ఘ వ్యాసమును అప్పుడు పంపుట అతని అలసటను గౌరవింపకపోవుటయే. దానిని సెలవునాటికి దాచియుంచవలెను.

ఇక విషయము. ఉద్యోగము విడుచునప్పుడు లభించు గ్రాట్యుటీని గూర్చి వ్రాయదలచితిమనుకొందము. 2022 ఫిబ్రవరి నుండి అమలులో నున్న కార్మిక చట్టము ప్రకారము, ప్రైవేటు సంస్థలో పూర్తికాలము పనిచేసినవానికి మొదటి ఐదేండ్లకు ఏటేట 21 దినముల మూలవేతనమును, ఆ పైన ఏటేట 30 దినముల మూలవేతనమును ఈయవలెను. ఇట్లు వ్రాసి విడిచినచో చదివినవాడు తల యూపి మరచిపోవును. "నెలకు వెయ్యి దిర్హముల మూలవేతనముపై ఆరేండ్లు పనిచేసినవానికి మూడువేల ఐదువందలును, మరి వెయ్యియు, వెరసి నాలుగువేల ఐదువందల దిర్హములు రావలెను, గది, భోజనముల భత్యములు ఈ లెక్కలోనికి రావు" అని వ్రాసినచో, అతడు తన కాగితములను వెలికి తీసి, లెక్క సరిచూచుకొని, ప్రక్క మంచమువానికి కూడ చూపును. రచన ఒక చేతినుండి మరియొక చేతికి పోవుట ఈ విధముననే జరుగును.

శీర్షికతో భయపెట్టి చదువరిని లాగుట సులభము. "నేడే తుది గడువు" అని వ్రాసిన క్షణమున వందమంది చూతురు. కాని 2024లో వీసా గడువు మీరినవారికి ఈ దేశము ప్రకటించిన క్షమాభిక్షను తలచుకొనుడు: అది సెప్టెంబరు 1న మొదలై, అక్టోబరు 31తో ముగియునని ముందు ప్రకటింపబడి, పిదప డిసెంబరు 31 వరకు పొడిగింపబడినది. అట్టి దినములలో ఒక తప్పు తేదీ ఒకని ఇంటి ప్రయాణమునే తారుమారు చేయగలదు. సరియైన తేదీని, అది ఎచటి ప్రకటనయో చెప్పి వ్రాసినవాని మాటను జనులు మరుసటి యేటను వెదకికొని చదువుదురు. నమ్మకముకంటె మించిన ఆకర్షణ రచనకు వేరొకటి కలదని నేను భావింపను.

ఇంకొక సంగతి. కార్మికుల గదులలో అక్షరములు కూడబలుకుకొని మాత్రమే చదువగలవారు, అసలే చదువలేనివారును గలరు. పూర్వము మన ఊళ్లలో రచ్చబండ కడ ఒకడు పత్రిక చదువగా పదిమంది వినెడివారు. ఆ పదిమందియు ఆ పత్రికకు పాఠకులే. కావున వ్రాసినదానిని గట్టిగా చదివి, ఆ కంఠమును ఫోనులో నింపి, రచనతోబాటు పంపవలెను. అట్లు చదువుచున్నప్పుడు నాలుక తడబడిన వాక్యములను కొట్టివేసి మరల వ్రాయవలెను.