మే నెల ఎండలో చిన్న విమానం

మే నెల మధ్యాహ్నం ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను దాకా నడిచేవానికి గాలి బరువెక్కినట్లు, ఊపిరి సలపనట్లు అనిపిస్తుంది. నిజానికి ఆ వేళ గాలి బరువెక్కదు, పలచబడుతుంది. నడిచేవానికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. అక్కడికి కొద్ది మైళ్ల దూరాన, బేగంపేటలో పాతకాలపు చిన్న విమానాన్ని లేపబోయేవానికి మాత్రం ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

బేగంపేటలో 1930ల నాటికే బాబర్ మీర్జా స్థాపించిన హైదరాబాద్ ఏరో క్లబ్ ఉండేది. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. ఆ తొలినాటి చిన్న విమానాలలో పేరు పడినది టైగర్ మాత్. అది మొదటిసారి ఎగిరినది 1931లో. చెక్క చట్రం మీద గుడ్డ బిగించిన రెక్కలు, 130 అశ్వబలం గల ఇంజను, పైకప్పు లేని రెండు సీట్లు - ఇంతే దాని సంపద. ప్రొపెల్లరును చేత్తో తిప్పితేగాని ఇంజను అందుకోదు. ఇద్దరు ఎక్కి, పెట్రోలు నింపినా దాని బరువు 830 కిలోలకు మించరాదు. అంబాసిడర్ కారు అంతకంటే బరువు.

రెక్కలను పైకెత్తే బలం రెండింటి మీద ఆధారపడుతుంది: గాలి సాంద్రత, విమాన వేగపు వర్గం. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు వల్ల పీడనం కొంత తగ్గుతుంది. ఎండ వల్ల గాలి వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నప్పుడు అక్కడి గాలి సాంద్రత, సముద్రమట్టాన 15 డిగ్రీల వద్ద ఉండే సాంద్రతలో నూటికి 86 పాళ్లే. విమానం దృష్టిలో ఆ సమయాన బేగంపేట 1500 మీటర్ల కొండ మీద ఉన్నట్లే!

సముద్రమట్టాన నేల విడవడానికి గంటకు 80 కిలోమీటర్ల వేగం చాలుననుకుందాం. ఇక్కడ 86 కావాలి. ఆ వేగం అందుకోవలసిన ఇంజనుకూ పలచని గాలే దక్కుతుంది గనుక దాని బలమూ తగ్గుతుంది. రెండూ కలిసి పరుగు దూరం మూడోవంతుకు పైగా పెరుగుతుంది. లేచిన తరువాత కూడా ఎత్తు మెల్లగానే వస్తుంది. ఎదుట చెట్లో మేడలో ఉంటే అదే గండం.

ఇందులో ఒక తమాషా ఉన్నది. విమానంలోని వేగమాపకం కొలిచేది గాలి తాకిడిని. నేల మీది వేగాన్ని కాదు. అందుచేత 86 వేగంతో పరుగెత్తుతున్నా ముల్లు 80 దగ్గరే నిలుస్తుంది. నేల వేగంగా వెనక్కు పోతున్నది గదా అని, ముల్లును చూడకుండా ముక్కు ఎత్తినవాడు మోసపోతాడు. రెక్కకు చాలినంత గాలి తాకకముందే కోణం పెరిగితే ప్రవాహం రెక్క పైభాగాన్ని విడిచిపోతుంది, విమానం కూలబడుతుంది. ఈ స్థితినే స్టాల్ అంటారు.

ఇటువంటి విమానాన్ని సొంతం చేసుకున్నవానికి ఎగరడం కంటే కాపాడుకోవడమే పెద్ద పని. ఎండకు గుడ్డ చివుకుతుంది, వానకాలపు చెమ్మకు చెక్క అతుకులు వదులవుతాయి. అతుకు లోపల చెడితే పై రంగు చూసి కనిపెట్టలేము. అర్హుడైన ఇంజనీరు పరీక్షించి, విమానం ఎగరడానికి తగినదన్న ధ్రువపత్రం ఉంటేగాని దానిని గాలిలోకి తీయరాదు. ఇంత శ్రద్ధ పెడితే పాత యంత్రం చిరకాలం పని చేస్తుంది. 1932లో పస్ మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన జె. ఆర్. డి. టాటా, 1982లో తన 78వ ఏట అదే దారిన లెపర్డ్ మాత్‌లో మళ్లీ ఎగిరారు. ఆ రెండూ టైగర్ మాత్ కుటుంబంలోనివే.

ఎండను మార్చలేము, వేళను మార్చుకోవచ్చు. తెల్లవారుజామున 27 డిగ్రీలు ఉన్నప్పుడు బేగంపేట గాలి సాంద్రత నూటికి 90 పాళ్లకు చేరుతుంది. 1500 మీటర్ల కొండ 1100కు దిగుతుంది. అప్పటికీ అనుమానంగా ఉంటే పెట్రోలు తగ్గించాలి, లేదా రెండో సీటు ఖాళీగా ఉంచాలి. మధ్యాహ్నం మూడింటికి ఎగరాలని ముచ్చటపడి వచ్చిన మిత్రుణ్ణి, మరునాడు కోడి కూసే వేళకు రమ్మని పంపివేస్తాడు తెలిసిన యజమాని.