ఇంటర్ ఫలితాల తర్వాత: సీటు, ఫీజు, అప్పు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం ప్రతి ఇంట్లోనూ రెండు ప్రశ్నలు పుడతాయి. ‘ఏ కాలేజీలో సీటు వస్తుంది?’ అన్నది మొదటిది. ‘డబ్బు ఎక్కడినుంచి తేవాలి?’ అన్నది రెండోది. మొదటి ప్రశ్న మీరు పైకే అడుగుతారు. రెండో ప్రశ్న మీ అమ్మానాన్నలు మీరు నిద్రపోయాక మెల్లగా మాట్లాడుకుంటారు. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు కావు. సీటు ఏ మార్గంలో వచ్చిందన్నదాన్ని బట్టే ఫీజుకు సాయం అందుతుందా, బ్యాంకు వడ్డీలో రాయితీ ఉంటుందా అన్నది తేలుతుంది. కాబట్టి రెండింటినీ ఒకే కాగితం మీద రాసుకుని చూడాలి.

కొన్నేళ్ల క్రితం నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వాళ్ల నాన్నగారిది చిన్న వ్యవసాయం. కౌన్సెలింగ్ ఇంకా మొదలే కాలేదు. ‘ఇప్పుడు కట్టకపోతే సీటు ఉండదు’ అని ఒక కళాశాలవాళ్లు ఇంటికి వచ్చి చెబితే భయపడి మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించారు. కౌన్సెలింగ్ పూర్తయ్యాక చూస్తే, అదే కళాశాలలో, అదే బ్రాంచిలో, ఇతనికంటే వెనక ర్యాంకు వచ్చినవాళ్లకు కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. వాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, ఇతనికి లేదు. ఒకే తరగతి, ఒకే బెంచీ. కానీ ఈ ఇంట్లో ఎకరం పొలం అమ్మారు. ఆ తండ్రి చేసిన తప్పు తొందరపడటం ఒక్కటే. ఆ తొందర మీ ఇంట్లో జరగకూడదనే ఈ పాఠం.

ముందు మార్గాలు ఎన్నో చూద్దాం

ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ కోర్సులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ ఉంది. ఎంబీబీఎస్, బీడీఎస్‌లకు నీట్ తప్పనిసరి. ఐఐటీలు, ఎన్ఐటీలకు జేఈఈ ర్యాంకుల ఆధారంగా ఉమ్మడి కౌన్సెలింగ్ జరుగుతుంది. ఇవి అందరికీ తెలిసినవే.

తక్కువమంది చూసే మార్గాలు మరికొన్ని ఉన్నాయి. బీఏ, బీకాం, బీఎస్సీ వంటి డిగ్రీ కోర్సులకు తెలంగాణలో 2016 నుంచి ‘దోస్త్’ అనే ఒకే ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్‌లోనే డిగ్రీ ప్రవేశాలు జరుపుతోంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022లో సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. ఒక్క పరీక్ష రాసి ఢిల్లీకీ, బనారస్‌కీ, మన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికీ దరఖాస్తు చేసుకోవచ్చు. సైన్సు మీద నిజమైన ఇష్టం ఉన్నవారికి ఐఐఎస్ఈఆర్‌లు ఉన్నాయి. వాటిలో ఒకటి 2015లో తిరుపతిలోనే మొదలైంది. అక్కడ అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సుకు వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటి పరిస్థితుల వల్ల ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ప్రారంభమైన ఇది దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం.

వీటిలో చాలా పరీక్షలకు దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తుంది. మొదటి సంవత్సరం చదువుతున్నవారు ఈ మాట ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినవారు కుంగిపోనవసరం లేదు. అనుమానం ఉంటే గడువులోగా రీకౌంటింగ్‌కు గానీ, రీవెరిఫికేషన్‌కు గానీ దరఖాస్తు చేయండి. దాని ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా సప్లిమెంటరీ పరీక్ష ఫీజు కూడా కట్టండి. సప్లిమెంటరీలో గట్టెక్కితే సంవత్సరం వృథా కాదు.

ఆప్షన్లు ఇచ్చేటప్పుడు

వెబ్ ఆప్షన్ల విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. ‘మంచి కాలేజీని పైన పెడితే, అది రాకపోగా కింద ఉన్నది కూడా పోతుంది’ అనుకుంటారు. అది నిజం కాదు. కంప్యూటరు ర్యాంకుల వరుసలో ఒక్కొక్క విద్యార్థినే తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. మీ కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్‌ను మీకు ఇస్తుంది. మొదటి పది ఆప్షన్లలో ఖాళీ లేకపోతే పదకొండోది చూస్తుంది. పైన ఆశపడినందుకు శిక్ష ఏమీ ఉండదు. కాబట్టి నిజంగా మీకు ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరుసలోనే రాయండి. నష్టం వచ్చేది జాబితా చిన్నదిగా ఉన్నప్పుడు. నాలుగైదు ఆప్షన్లు ఇచ్చి ఊరుకుంటే అసలు సీటే రాకపోవచ్చు. నిరుడు ఏ కళాశాలలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో ఆ వివరాలు కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో దొరుకుతాయి. వాటిని దగ్గర పెట్టుకుని కూర్చోండి.

తిరిగి కట్టనక్కరలేని డబ్బు మొదట

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. దీనికి ఒక వరుస ఉంది. తిరిగి కట్టనక్కరలేని డబ్బు మొదట, వడ్డీ రాయితీ ఉన్న అప్పు తర్వాత, మామూలు అప్పు చివర. చాలా ఇళ్లలో ఈ వరుస తలకిందులవుతుంది. ముందు తెలిసినవారి దగ్గర అప్పు చేసి, ఆ తర్వాత స్కాలర్‌షిప్ గురించి విచారిస్తారు. అప్పటికి గడువు దాటిపోతుంది.

మొదటిది ఫీజు రీయింబర్స్‌మెంట్. ఆదాయ పరిమితి, ఫీజు పరిమితి రాష్ట్రాన్ని బట్టి, సామాజిక వర్గాన్ని బట్టి మారతాయి. ఒక్క సూత్రం మాత్రం గుర్తుంచుకోండి. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి, మిగిలిపోయిన సీట్లలో స్పాట్ అడ్మిషన్ పొందినవారికి ఈ సాయం అందదు. కన్వీనర్ కోటా విలువ ఇక్కడే తెలుస్తుంది. ఇంకో మాట. ప్రభుత్వం నుంచి ఈ డబ్బు సకాలంలో రాకపోవడం కొత్త విషయం కాదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు ఈ బకాయిల కోసమే బంద్ పాటించాయి. ‘డబ్బు ఆలస్యమైతే విద్యార్థిని కట్టమంటారా? కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు ఆపుతారా?’ అని చేరేముందే కళాశాల కార్యాలయంలో అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

రెండోది జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్. అందులో కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒకటుంది. మీ బోర్డులో 80 పర్సంటైల్ కంటే పైన ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉన్నవారు అర్హులు. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000 ఇస్తారు. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు. అందులో సగం అమ్మాయిలకు. అయితే రాష్ట్రం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి ఇది వర్తించదు. రెండింటిలో ఏది లాభమో లెక్క వేసుకోవాలి.

ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న సాంకేతిక కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ‘ప్రగతి’ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు తీసుకోవచ్చు.

అప్పు చేయాల్సివస్తే

పైవన్నీ కలిపినా చాలకపోతే విద్యారుణం తీసుకోవడంలో తప్పులేదు. కానీ దాని లెక్క తెలిసి తీసుకోవాలి. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు మీ వాటాగా ఏమీ పెట్టనక్కరలేదు. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. చదువు కాలం, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టే పనిలేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వాయిదాలు లేవంటే వడ్డీ లేదని కాదు. అప్పు చేతికి వచ్చిన రోజునుంచే వడ్డీ నడుస్తుంది. ఉదాహరణకు 10 శాతం వడ్డీకి ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లలో 4 లక్షలు తీసుకున్నారనుకుందాం. మొత్తం అయిదేళ్ల విరామం. మొదటి లక్షకు అయిదేళ్ల బారు వడ్డీ 50,000. రెండో లక్షకు 40,000, మూడోదానికి 30,000, నాలుగోదానికి 20,000. కలిపితే 1,40,000. ఇది అసలుకు చేరి, అప్పు 5,40,000 అవుతుంది. దీన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది దాదాపు 8,56,000.

అదే, చదువుకునే రోజుల్లోనే వడ్డీ మాత్రం కడుతూ పోతే? మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు. రెండో ఏడాది 1,667, మూడో ఏడాది 2,500, ఆ తర్వాత రెండేళ్లు 3,333. చదువు అయ్యాక అప్పు 4 లక్షలే ఉంటుంది. నెల వాయిదా సుమారు 5,286. ముందు కట్టిన వడ్డీతో కలిపి మొత్తం 7,74,000 దాకా. అంటే 82,000 మిగులు. చదువు కాలంలో వడ్డీ క్రమంగా కట్టేవారికి ఒక శాతం రాయితీ ఇవ్వాలని కూడా ఆ నమూనా పథకంలో ఉంది. మీ బ్యాంకులో అడగండి. మొత్తం కట్టలేకపోయినా మొదటి రెండేళ్లది కట్టినా మేలే.

ప్రభుత్వమే ఆ వడ్డీ భరించే వీలు కూడా ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘పీఎం-విద్యాలక్ష్మి’ పథకాన్ని ఆమోదించింది. జాతీయ ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివారిలో ఏటా లక్షమందికి 10 లక్షల వరకు రుణం మీద విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మన ఉదాహరణలో అది 42,000 రూపాయలు. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులు చదివేవారికి విరామ కాలపు వడ్డీ పూర్తిగా ప్రభుత్వమే కడుతుంది. అంటే 1,40,000 మీ నెత్తిన పడదు. ఇక్కడ కూడా సీటు ప్రతిభ ఆధారంగా వచ్చి ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకు ఇది వర్తించదు. చూశారా, మార్గం మళ్లీ ముందుకొచ్చింది!

మనసు మార్చుకుంటే

ఒకచోట చేరాక ఇంకొకచోట మెరుగైన సీటు వస్తే ఏం చేయాలి? ‘కట్టిన డబ్బు పోతుంది’ అని ఆగిపోకండి. యూజీసీ 2018లో ప్రకటించిన నిబంధనల ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే ఫీజు మొత్తం తిరిగి ఇవ్వాలి. అందులో 5 శాతం, గరిష్ఠంగా 5,000 రూపాయలు మాత్రమే మినహాయించుకోవచ్చు. 15 రోజుల లోపు అయితే 90 శాతం, చివరి తేదీ తర్వాత 15 రోజుల వరకు 80 శాతం, నెల వరకు 50 శాతం ఇవ్వాలి. ఆపైన ఏమీ రాదు. అసలు సర్టిఫికెట్లు పరిశీలించి తిరిగి ఇచ్చేయాలే తప్ప కళాశాలలో ఉంచుకోకూడదు. మానుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి.

ఈ వారం చేయవలసిన పని

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీరు చూస్తున్న ప్రతి కళాశాలకూ ఒక గడి గీయండి. ట్యూషన్ ఫీజు, ప్రత్యేక ఫీజులు, హాస్టల్, బస్సు, పుస్తకాలు రాయండి. ఒక ఏడాదికి కాదు, కోర్సు మొత్తానికి. దాని కింద మీకు వచ్చే సాయం రాయండి. తేడా ఎంతో అదే మీ ఇంటి భారం. మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధృవపత్రాలు, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచుకోండి. ఆదాయ పత్రం కోసం చివరిరోజు దాకా ఆగవద్దు.

ఆ కాగితం మీ అమ్మానాన్నల ముందు పెట్టి మాట్లాడండి. పదిహేడేళ్లు వచ్చాయి, ఇంటి లెక్క మీకు తెలియడంలో తప్పులేదు. ఏ కళాశాలవారైనా ‘ఈరోజే కట్టాలి’ అంటే, కాగితం చూసి రేపు చెబుతామనండి. ఆ ఒక్కరోజు ఆగితే ఎకరం పొలం మిగలవచ్చు. మీకు మంచి సీటు, మీ ఇంటికి తేలికైన భారం కలగాలని కోరుకుంటున్నాను.