బెంజ్ కారు వెనక ఇద్దరు ఆడవాళ్ళు

శుక్రవారం సాయంత్రం దోహా కార్నిష్ మీద పిల్లల్ని తీసుకుని నడుస్తుంటే మీరూ గమనించే ఉంటారు. కార్ల పేర్లు మనకన్నా మన పిల్లలకే బాగా తెలుసు. "అమ్మా, అదిగో జీ వ్యాగన్!" అని వాడు అరిచేలోపు బండి వెళ్ళిపోతుంది. మనకు కనపడేది ముందున్న మూడు కొమ్మల నక్షత్రం ఒక్కటే. వెనకాల నంబరు ప్లేటు మీద నాలుగే అంకెలుంటే, ఓహో పెద్దవాళ్ళ బండి అనుకుంటాం. ఇక్కడ అంకెలు తగ్గేకొద్దీ హోదా పెరుగుతుంది కదా, మంచి నంబర్లకు వేలం పాటలు కూడా జరుగుతాయి.

మన గ్రూపులో ఉన్నవాళ్ళలో కొందరి భర్తలు ఆ కార్లు నడుపుతారు. కొందరు చెల్లెళ్ళు మేడమ్ గారి పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఆ వెనక సీట్లోనే కూర్చుంటారు. ఒకరిద్దరు సొంతంగా కొనుక్కున్నారు కూడా. ఊళ్ళో ఉన్న అత్తలూ పిన్నులూ ఫోన్ చేసినప్పుడల్లా "ఖతర్‌లో అందరికీ బెంజి కార్లేనటగా?" అని అడుగుతూనే ఉంటారు.

అందుకే ఈసారి ఆ కారు కథ చెప్పుకుందాం. మెర్సిడెస్-బెంజ్ అనే పేరులో రెండు మాటలున్నాయి. రెండింటి వెనకా ఒక్కో ఆడమనిషి ఉంది. ఒకామె డబ్బు పెట్టింది, బండి నడిపింది, దారిలో బాగుచేసుకుంది. పేటెంటు కాగితం మీద మాత్రం ఆమె పేరు లేదు. ఇంకొకామె బండి కోసం చేసింది ఏమీ లేదు, పేరు మాత్రం లోకమంతా తిరుగుతోంది.

కట్నం డబ్బుతో నిలబడ్డ కంపెనీ

బెర్తా రింగర్ 1849 మే 3న జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ అనే ఊళ్ళో పుట్టింది. ఆమె పుట్టినప్పుడు, మళ్ళీ ఆడపిల్లేనని తండ్రి ఇంట్లో బైబిలులో నిరాశగా రాసుకున్నాడని, కొంచెం పెద్దయ్యాక ఆ రాత ఆమె కంటపడిందని చెబుతారు. మన ఇళ్ళకు ఇది కొత్త కథేం కాదు.

ఆమెకు కార్ల్ బెంజ్‌తో పెళ్ళి కుదిరింది. అతను మంచి ఇంజనీరు, కానీ చేతిలో పైసా లేదు. పైగా వ్యాపారంలో భాగస్వామితో గొడవ. అప్పుడు బెర్తా తనకు రావలసిన కట్నం పెళ్ళికి ముందే ఇప్పించమని పుట్టింటివాళ్ళను అడిగింది. ఆ డబ్బుతో భాగస్వామి వాటా కొనేసి కార్ల్ తన వర్క్‌షాపు నిలబెట్టుకున్నాడు. 1872 జూలైలో పెళ్ళి జరిగింది. ఆ రోజుల్లో అక్కడి చట్టం ప్రకారం పెళ్ళయ్యాక భార్య డబ్బు మీద పెత్తనం భర్తది. అంటే డబ్బు ఆమెదే, వ్యాపారంలో మాత్రం ఆమె మాటకు చట్టం ముందు విలువ లేదు.

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మోటారు కారు పుట్టినరోజుగా లోకం ఆ తేదీనే చెప్పుకుంటుంది.

చెప్పకుండా బయల్దేరిన రోజు

బండి తయారైంది కానీ కొనేవాడు లేడు. గుర్రం లేకుండా బండి నడవడమేమిటని జనానికి భయం. కార్ల్‌కేమో ఇంకా బాగుచెయ్యాలి, ఇంకా బాగుచెయ్యాలి అనే సందేహం. బెర్తా చూసింది చూసింది, 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున భర్తకు చెప్పకుండా కొడుకులు యూజెన్‌ను, రిచర్డ్‌ను లేపి బండెక్కింది. మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి ప్రయాణం. సుమారు 100 కిలోమీటర్లు. మనం దోహా నుంచి సౌదీ సరిహద్దు అబూ సమ్రా దాకా వెళ్ళినంత దూరం అనుకోండి. అప్పటిదాకా మోటారు బండిలో అంత దూరం వెళ్ళినవాళ్ళు లేరు.

దారిలో ఏమేం జరిగాయో చూడండి. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే తీగ ఒరుసుకుపోతుంటే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టింది. ఎత్తు ఎక్కాల్సి వస్తే కొడుకులు దిగి తోశారు. పల్లంలో చెక్క బ్రేకులు అరిగిపోతే దారిలో ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర వాటికి తోలు వేయించింది. ఈనాటి బ్రేకు లైనింగుకు అదే మొదలు అంటారు. ఇంధనం అయిపోయినప్పుడు వీస్‌లోక్ అనే ఊళ్ళో మందుల షాపుకు వెళ్ళి, మరకలు తుడవడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోసింది. ఆ షాపును ఇప్పుడు ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకుగా చూపిస్తారు.

చీకటిపడే వేళకు పుట్టిల్లు చేరి, క్షేమంగా వచ్చామని భర్తకు టెలిగ్రాం ఇచ్చింది. తిరిగి వచ్చాక ఏమేం మార్చాలో చెప్పింది. ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలన్నది అందులో ఒకటి. ఆ ప్రయాణం గురించి నలుగురూ మాట్లాడుకోవడంతోనే బండి మీద జనానికి నమ్మకం మొదలైంది. ఇవాళ కంపెనీలు కోట్లు పోసి చేసే టెస్ట్ డ్రైవు, ప్రకటన, రిపేరు రిపోర్టు, మూడూ ఆమె ఒక్క ప్రయాణంలో చేసేసింది.

పదేళ్ళ పిల్ల పేరు

ఇక రెండో ఆమె. బెంజ్‌కి పోటీగా జర్మనీలోనే డైమ్లర్ కంపెనీ ఉండేది. ఆ కార్లు కొని ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ధనవంతులకు అమ్మే వ్యాపారి ఎమిల్ యెలినెక్. 1900లో అతను ఒకేసారి 36 కార్లు ఆర్డరిచ్చాడు. బండికి తన కూతురి పేరు పెట్టాలని షరతు పెట్టాడు. ఆ పిల్ల మెర్సిడెస్. అప్పటికి పదేళ్ళది. 1901లో ఆ కారు నీస్ పందేల్లో అందరినీ ఓడించింది. 1902లో ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేశారు. తండ్రి అయితే తన ఇంటిపేరునే యెలినెక్-మెర్సిడెస్ అని మార్చుకున్నాడు. కొడుకు తండ్రి పేరు నిలబెడతాడంటాం, అక్కడ తండ్రే కూతురి పేరు తగిలించుకున్నాడు.

ఆ పిల్ల జీవితం మాత్రం కారులా సాఫీగా సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆస్తి పోయింది. రెండు పెళ్ళిళ్ళు. 1929లో వియన్నాలో 39 ఏళ్ళకే జబ్బుతో పోయింది. పేరు మోగినంత మాత్రాన బతుకు బాగుపడదని ఆమెను చూస్తే తెలుస్తుంది.

1926లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి. అలా మెర్సిడెస్-బెంజ్ అయింది. నక్షత్రం డైమ్లర్ వైపు నుంచి వచ్చింది. గాట్లీబ్ డైమ్లర్ ఒకప్పుడు భార్యకు పంపిన బొమ్మ కార్డు మీద తమ ఇంటి పైన నక్షత్రం గుర్తు పెట్టాడు. అది గుర్తుంచుకుని కొడుకులు కంపెనీకి గుర్తుగా ఇచ్చారు. మూడు కొమ్మలంటే నేల, నీరు, గాలి. 1909లో నమోదైంది.

మన తాతలకు బెంజ్ అంటే లారీ

మనవైపు ఈ పేరు మొదట వచ్చింది కారుతో కాదు. 1954లో టాటాలు జర్మనీవాళ్ళతో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చేశారు. 1969 దాకా వాటిని టాటా మెర్సిడెస్-బెంజ్ అనేవారు. మన తాతల నోట్లో "బెంజి లారీ" అయింది. వడ్ల బస్తాలు మోసినా, ఇసుక మోసినా, దాని ముక్కు మీద ఆ నక్షత్రమే. విజయవాడ బెంజ్ సర్కిల్‌కు కూడా ఆ లారీల కాలం నుంచే పేరు వచ్చిందని పెద్దలు అంటారు. బెంజ్ కారు కావాలంటే మాత్రం చాలాకాలం విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. 1995లో పుణేలో తయారీ మొదలయ్యాకే షోరూములో చూసి కొనుక్కునే రోజులు వచ్చాయి. ఒకే నక్షత్రం, ఒక తరానికి చెమట గుర్తు, ఇంకో తరానికి హోదా గుర్తు.

మంచి పేరు, మచ్చలు

ఈ కంపెనీకి పేరు ఊరికే రాలేదు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి, లోపలి మనుషులకు దెబ్బ తగ్గేలా కారు చేయడం వాళ్ళ ఇంజనీరు బేలా బారెన్యి ఆలోచన. గట్టిగా బ్రేకు వేసినా బండి జారిపోకుండా చూసే ఏబీఎస్‌ను 1978లో తమ పెద్ద కారులో పెట్టారు. 1980ల మొదట్లో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. ఇవాళ మన చిన్న కార్లలో కూడా ఇవన్నీ ఉన్నాయి. పిల్లల్ని స్కూలుకు దింపే మామూలు బండిలో కూడా ఆ పని ఫలం మనకు అందుతోంది.

చెప్పుకోవాల్సిన మచ్చ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీ హిట్లర్ ప్రభుత్వానికి విమానాల ఇంజన్లు, లారీలు చేసిపెట్టింది. 1944 నాటికి దాని పనివాళ్ళలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చినవాళ్ళు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాలవాళ్ళు. బెర్లిన్ దగ్గర గెన్స్‌హాగెన్ ఫ్యాక్టరీలో రావెన్స్‌బ్రూక్ మహిళా శిబిరం నుంచి తెచ్చిన ఆడవాళ్ళ చేత ఇంజన్ల పని చేయించారు. దశాబ్దాల తర్వాత కంపెనీ ఆ సంగతి ఒప్పుకుని పరిహారం ఇచ్చింది. పరాయి దేశంలో పనిచేసే మనకు ఈ ముక్క వేరే చెప్పి అర్థం చేయించక్కర్లేదు.

మొన్నమొన్నటి మచ్చ ఇంకోటి. డీజిలు బండ్ల పొగ కొలతల్లో మోసం చేశారన్న కేసు అమెరికాలో నడిచింది. 2020లో కంపెనీ 150 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకుంది.

మన దోహాలో

ఇక్కడ ఈ నక్షత్రానికి పెద్ద పండగ 2021 నవంబరు 21న జరిగింది. లుసైల్‌లో ఖతర్ మొదటి ఫార్ములా వన్ పందెం పెట్టింది. గెలిచింది మెర్సిడెస్ కారులో లూయిస్ హామిల్టన్. ఆ రాత్రి వీడియోలు మన ఫోన్లన్నిటికీ వచ్చాయి.

మామూలు రోజుల్లో మనకు తగిలేది మాత్రం సెకండ్ హ్యాండ్ మార్కెట్టు. "పాత బెంజ్ చవగ్గా వస్తోంది వదినా" అని ఎవరో ఒకరు ఊరిస్తూనే ఉంటారు. చవగ్గా వచ్చే మాట నిజమే, దాని సామాన్లు మాత్రం చవగ్గా రావు. కొనాలనుకుంటే ఇవి చూసుకోండి:

• బండి గల్ఫ్ వేడికి చేసిందా, వేరే దేశంలో యాక్సిడెంట్ అయితే తెచ్చిందా? ఆగస్టు ఎండలో ఏసీయే దాని గుట్టు చెప్పేస్తుంది.
• ఏజెన్సీలో సర్వీసు చేయించిన రికార్డు అడగండి. ఫాహెస్ తనిఖీ కాగితం చూడండి.
• ట్రాఫిక్ ఫైన్లు తీరాయో లేదో, మెట్రాష్‌లో బండి పేరు మారిందో లేదో చూశాకే పూర్తి డబ్బు ఇవ్వండి.
• అప్పు కోసం ముందు తేదీల చెక్కులు ఇచ్చేముందు రెండుసార్లు ఆలోచించండి. ఇక్కడ చెక్కు బౌన్సయితే క్రిమినల్ కేసు. అప్పు తీరకపోతే ప్రయాణ నిషేధం పడొచ్చు. ఇంటి దగ్గర అమ్మకు బాగాలేదని కబురొచ్చినా విమానం ఎక్కలేని పరిస్థితి ఏ కారుకూ తగిన ధర కాదు.

తాళంచెవి ఎవరి చేతిలో, కాగితం ఎవరి పేరున

బెర్తా కథ చెప్పింది కారు గొప్పదని ఒప్పించడానికి కాదు. మన దగ్గర ఎంతమంది అక్కలు పదేళ్ళు, పదిహేనేళ్ళు ఇక్కడ పనిచేసి డబ్బు పంపలేదు? ఊళ్ళో స్థలం కొన్నారు, ఇల్లు కట్టారు, బండి కొన్నారు. కాగితం ఎవరి పేరున ఉందని అడిగితే "ఆయన పేరున", "తమ్ముడి పేరున" అంటారు. బెర్తా కాలంలో చట్టమే అడ్డం. మనకు ఆ అడ్డం లేదు. స్త్రీధనం మన చట్టంలో ఆడదాని సొత్తే. మీ జీతం పంపడానికి మీ పేరునే ఎన్ఆర్ఈ ఖాతా తెరవొచ్చు. స్థలం మీ పేరున, కనీసం ఇద్దరి పేరున రాయించుకోవచ్చు. ఇది ఇంట్లో గొడవ పెట్టుకునే మాట కాదు, లెక్క సరిగ్గా రాసుకునే మాట.

రెండోది డ్రైవింగు. పక్కనే సౌదీలో ఆడవాళ్ళకు స్టీరింగు చేతికొచ్చింది 2018 జూన్ 24న. ఖతర్‌లో మనకు అంతకు ముందు నుంచే దారి ఉంది. ఇండియా లైసెన్సు ఉన్నా ఇక్కడ డ్రైవింగ్ స్కూల్లో చేరి పరీక్ష పాసవ్వాలి. ఆడవాళ్ళకు ఆడ ఇన్‌స్ట్రక్టర్లు దొరుకుతారు. వీసా మీద రాసిన పనిని బట్టి కొందరికి లైసెన్సు ఇవ్వరు, కాబట్టి ఫీజు కట్టేముందే స్కూల్లో మీ ఐడి చూపించి అడగండి. వీలున్నవాళ్ళు మాత్రం "పిల్లలు పెద్దయ్యాక చూద్దాం" అని వాయిదా వేయకండి. బెర్తా బయల్దేరేనాటికి ఆమెకు 39 ఏళ్ళు, నలుగురు పిల్లలు.

ఆమె 95 ఏళ్ళు బతికింది. 1944లో సరిగ్గా 95వ పుట్టినరోజున, కార్ల్ చదువుకున్న కార్ల్‌స్రూయె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ సెనేటర్ బిరుదు ఇచ్చింది. రెండు రోజుల తర్వాత ఆమె కన్నుమూసింది. ఆమె వెళ్ళిన దారికి ఆమె పేరు పెట్టింది 2008లో, అంటే ఆ ప్రయాణం జరిగిన 120 ఏళ్ళకు. మీ పేరు కోసం మీరు అన్నాళ్ళు ఆగొద్దు. ఈ వారమే బీరువాలోనో ఫోన్‌లోనో ఉన్న కాగితాలు తీసి, ఏది ఎవరి పేరున ఉందో ఒకసారి చూసుకోండి. ఊళ్ళో ఉన్న అమ్మాయిలకూ ఇది చదివి వినిపించండి.