చప్పుడు, సత్తువ, పొదుపు

చిన్న ఎస్.యు.వి.లలోకి డీజిలు ఇంజను వచ్చిన వైనం, వెళ్లిన వైనం

2016 మార్చిలో మారుతీ సుజుకీ కంపెనీ ‘విటారా బ్రెజా’ అనే చిన్న ఎస్.యు.వి.ని విడుదల చేసినప్పుడు ఆ బండి పెట్రోలు ఇంజనుతో దొరికేది కాదు. కావాలంటే డీజిలు, వద్దంటే మరో బండి చూసుకోవలసిందే. నాలుగేళ్లు నిండకముందే, 2020 ఫిబ్రవరిలో, అదే పేరుతో, దాదాపు అదే ఆకారంతో వచ్చిన బండిలో డీజిలు ఇంజను లేదు. ఈసారి పెట్రోలే గతి. ఒకే వాహనానికి గుండె ఇంత పూర్తిగా మారిపోవడం అరుదు. అందువల్ల ఆ రెండు బండ్లనూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే, డీజిలు మనకు ఏమిచ్చిందో, బదులుగా ఏమి పుచ్చుకొన్నదో తేటతెల్లమవుతుంది.

డీజిలు బ్రెజా ఇంజను పరిమాణం 1,248 ఘన సెంటీమీటర్లు, గరిష్ఠ శక్తి 90 అశ్వశక్తి. పెట్రోలు బ్రెజాది అంతకంటె పెద్దది: 1,462 ఘన సెంటీమీటర్లు, 105 అశ్వశక్తి. కాగితం మీద పెట్రోలుదే పైచేయి. కాని కంపెనీ ప్రకటించిన మైలేజి చూడండి. డీజిలు బండికి లీటరుకు 24.3 కిలోమీటర్లు, చేత్తో గేర్లు మార్చే పెట్రోలు బండికి 17.03. ఇవి ప్రయోగశాల అంకెలు, రోడ్డు మీద రెండూ తగ్గుతాయి. అయినా ఒకే లీటరుతో ఒక బండి రెండవదాని కంటె నూటికి 43 పాళ్లు ఎక్కువ దూరం పోవడం చిన్న విషయం కాదు.

ఈ పొదుపుకు పునాది 19వ శతాబ్దపు చివరి దశకంలో పడింది. 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఆవిరి యంత్రాల దుబారాను సహించలేకపోయాడు. సైకిలు పంపును గట్టిగా కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కడం మనమందరం ఎరిగినదే. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. మరింత నొక్కితే, నిప్పురవ్వ అక్కర లేకుండానే ఇంధనం దానంతట అదే అంటుకోవాలి కదా అన్నది ఆయన ఆలోచన. 1897లో ఔగ్స్‌బర్గ్ నగరంలో పరీక్షకు నిలిచిన ఆయన ఇంజను, ఇంధనంలోని శక్తిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు ఆ దరిదాపులకు రాలేదు.

పెట్రోలు ఇంజను గాలిని సుమారు పదో వంతుకు కుదిస్తే, నేటి డీజిలు ఇంజను పదహారో వంతుకో, అంతకంటె తక్కువకో కుదిస్తుంది. లోపలి గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఎంతగా కుదించిన వాయువు అంతగా వ్యాకోచిస్తుంది, అంత ఎక్కువ పని చేసి పెడుతుంది. పొదుపుకు మొదటి కారణం ఇది. రెండవది, పెట్రోలు ఇంజను మెల్లగా నడిచేటప్పుడు దాని గొంతు సగం మూసి గాలిని అదుపు చేయవలసి ఉంటుంది. మూసిన గొంతుతో ఊపిరి పీల్చడానికి అది కొంత శక్తి వృథా చేసుకొంటుంది. డీజిలు ఇంజనుకు ఆ బాధ తక్కువ. గాలి కావలసినంత లోపలికి పోతుంది, ఇంధనాన్ని మాత్రమే కొలిచి పోస్తారు. నగరపు రద్దీలో పాకుతూ పోయేటప్పుడు డీజిలు బండి మైలేజి మరీ దిగజారకపోవడానికి ఇదే కారణం.

అయితే లెక్క నిక్కచ్చిగా ఉండాలి. డీజిలు చిక్కని నూనె. లీటరు డీజిలులో లీటరు పెట్రోలులో కంటె సుమారు నూటికి 12 పాళ్లు ఎక్కువ శక్తి ఉంటుంది. అంటే 43 పాళ్ల ఆధిక్యంలో కొంత ఇంజను గొప్పతనం కాదు, నూనె చిక్కదనం. దాన్ని తీసివేసినా ఇంజను ప్రతిభ కింద 27 పాళ్లు మిగులుతాయి.

ఇక చప్పుడు. పొదుపును ఇచ్చిన పద్ధతే చప్పుడునూ తెచ్చిపెట్టింది. వేడెక్కిన గాలిలోకి పిచికారీ చేసిన డీజిలు ఆ క్షణానే మండదు. తుంపరలు ఆవిరి కావాలి, గాలితో కలవాలి. దీనికి సెకనులో వెయ్యో వంతో, అటూ ఇటో పడుతుంది. ఈలోగా పిచికారీ ఆగదు. పోగుపడిన ఇంధనమంతా ఒక్కపెట్టున భగ్గుమంటుంది. మెత్తగా నెట్టవలసిన పీడనం సుత్తిదెబ్బలా తగిలి, ఇంజను దిమ్మె అంతా కంపిస్తుంది. మనకు వినిపించే టకటక అదే. చలికాలపు ఉదయం స్టార్టు చేయగానే ఆ చప్పుడు ఎక్కువగా ఉండడానికి కారణం, చల్లని గోడల మధ్య నూనె అంటుకోవడం ఇంకా ఆలస్యం కావడమే.

నలభై ఏళ్లు పైబడిన తెలుగువారికి ఈ శబ్దం పరిచయమే. కాలువ గట్టున ఆయిలింజను డుగుడుగుమంటూ ఉంటే, అది ఎవరి పొలంలో నడుస్తున్నదో దూరం నుంచే చెప్పగలిగిన రైతులుండేవారు. అనువాదం నా వృత్తి గనుక ఒక మాట. ఇంగ్లీషువారు దీన్ని తలుపు తట్టిన చప్పుడుతో పోల్చి ‘నాక్’ అని పేరు పెట్టి ఊరుకొన్నారు. మన చెవి అంత సులభంగా తృప్తి పడదు. ఆయిలింజనుది డుగుడుగు, పాత డీజిలు కారుది టకటక, నిలిచి ఉన్న లారీది గుడగుడ. ఒకదాని చోట మరొకటి వేస్తే వినేవాడు ఒప్పుకోడు.

ఈ టకటకకు మందు ఇటలీలో దొరికింది. ఫియట్ సంస్థ పరిశోధకులు రూపొందించగా జర్మనీకి చెందిన బాష్ కంపెనీ ఉత్పత్తికి తెచ్చిన ‘కామన్ రైల్’ పద్ధతిని 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో మొదటిసారిగా అమర్చారు. అంతకుముందు ఒక్కో సిలిండరుకు వంతుల వారీగా పంపు నూనెను తోసేది. కొత్త పద్ధతిలో నూనె అంతా ఒకే గొట్టంలో తీవ్రమైన ఒత్తిడితో సిద్ధంగా ఉంటుంది. ఎప్పుడు, ఎంత వదలాలో విద్యుత్తుతో తెరుచుకొనే నాజిళ్లు నిర్ణయిస్తాయి. 2003లో ఫియట్ తెచ్చిన 1.3 లీటర్ల ‘మల్టీజెట్’ ఇంజను ఒక్క దహనానికి కావలసిన నూనెను అయిదు విడతల దాకా విడదీసి పోయగలిగింది. పొయ్యి రాజేసేటప్పుడు ముందు చిదుగులు వెలిగించి తరువాత కట్టెలు పెట్టినట్టే ఇది. మొదట ఒక చిన్న చుక్క పడి మంట అందుకొంటుంది. వెనుక వచ్చే అసలు నూనె వచ్చినది వచ్చినట్టు మండుతుంది గాని పోగుపడి పేలదు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కో సిలిండరు ఈ తతంగమంతా నిమిషానికి 1,000 సార్లు జరుపుతుందంటే ఆ నాజిలు నైపుణ్యాన్ని ఊహించుకోవచ్చు.

బ్రెజాలో ఉన్నది ఈ మల్టీజెట్టే. 2007లో డీజిలు స్విఫ్ట్‌తో మారుతీలో అడుగుపెట్టి, ఫియట్, టాటా కార్లలోనూ చేరి, పుణే దగ్గరి రంజన్‌గావ్‌లోనూ హర్యానాలోని మానేసర్‌లోనూ తయారైన ఆ ఇంజనుకు మోటారు పత్రికలవారు ‘జాతీయ ఇంజను’ అని ముద్దుపేరు పెట్టారు. అది మూగబోయిందని చెప్పలేము. బానెట్టు కింద, డాష్‌బోర్డు వెనుక దళసరి పరుపులు వేసి చప్పుడును లోపలికి రానీయకుండా చేశారు. కారులో కూర్చున్నవారికి హాయి. తెల్లవారుజామున పక్కింటివారికి మాత్రం ఆ హాయి అంతగా చేరలేదు.

మూడవది సత్తువ. మన డ్రైవర్లు దీన్ని ‘పికప్’ అంటారు. అశ్వశక్తి అంకె దీన్ని చెప్పదు. 90 అశ్వశక్తి డీజిలు, 105 అశ్వశక్తి పెట్రోలు కంటె బలంగా తోచడానికి కారణం టార్కు, అనగా తిప్పే బలం. డీజిలు బ్రెజా 200 న్యూటన్ మీటర్ల బలాన్ని నిమిషానికి 1,750 చుట్ల వద్దనే ఇస్తుంది. పెట్రోలు బ్రెజా గరిష్ఠ బలం 138. అదీ 4,400 చుట్ల దాకా పోతేగాని రాదు. లెక్క వేసి చూస్తే, 1,750 చుట్ల వద్ద డీజిలు ఇంజను దాదాపు 50 అశ్వశక్తి అందిస్తున్నది. పెట్రోలు ఇంజను తన బలమంతా అక్కడే పెట్టగలిగినా 34 దాటదు. నలుగురు మనుషులు, వెనుక సామాను, ఎ.సి. నడుస్తూ ఉండగా అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కి అరకు వెళ్లేటప్పుడు ఈ తేడా గేరు పట్టిన చేతికి తెలిసివస్తుంది. ఒక బండి మూడో గేరులో సాగిపోతుంటే, రెండవది రెండో గేరులోకి దిగి అరుస్తూ ఎక్కుతుంది. చప్పుడు గురించి డీజిలును ఆడిపోసుకొనేవారు ఆ సమయంలో రెండు బండ్లలోనూ కూర్చుని విని తీర్పు చెప్పాలి.

దీనికీ ఒక మెలిక ఉన్నది. ఈ బలమంతా టర్బో చలవ. బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరిగి, అదనపు గాలిని ఇంజనులోకి నెడుతుంది. చుట్లు తక్కువగా ఉన్నప్పుడు పొగకు వేగం లేదు, చక్రానికి ఊపు లేదు. కాబట్టి 1,700 చుట్లకు లోపల ఈ చిన్న ఇంజను నిద్రమత్తులో ఉన్నట్టు ఉండి, దాటగానే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. నగరపు స్పీడు బ్రేకర్ల మధ్య ఇది విసుగు పుట్టించే గుణమే.

ఇంతటి ఇంజనును ఎందుకు వదులుకొన్నారు? మొదటి సంగతి ధర. 2012 మే నెలాఖరులో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటగా, ప్రభుత్వం ధర అదుపులో పెట్టిన డీజిలు 41 రూపాయల లోపే ఉండేది. రైతుల కోసం, లారీల కోసం ఉద్దేశించిన ఆ ఔదార్యాన్ని కార్లవారు చక్కగా వాడుకొన్నారు. ఆ రోజుల్లో అమ్ముడుపోయిన కార్లలో సగానికి పైగా డీజిలువే. రెండు బ్రెజాల మైలేజిని ఆనాటి ధరలతో లెక్కిస్తే, నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవారికి డీజిలు సుమారు 2,600 రూపాయలు మిగులుస్తుంది. 2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ ఎత్తివేశారు. రెండు నూనెలూ లీటరు 100 రూపాయలే అనుకొంటే ఆ మిగులు సుమారు 1,750కి దిగుతుంది. డీజిలు బండికి కొనేటప్పుడే లక్ష రూపాయలు ఎక్కువ పెట్టవలసి వస్తే, మొదటి లెక్కలో మూడేళ్ల చిల్లరలో తిరిగివచ్చే సొమ్ము, రెండవ లెక్కలో అయిదేళ్లకు కొంచెం ముందు వస్తుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగేవారైతే తొమ్మిదిన్నరేళ్లు ఆగాలి.

రెండవ సంగతి పొగ. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిలు పొగను క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు నిండిన డీజిలు వాహనాలు తిరగరాదని ఆదేశించింది. తరువాత ఆ వివాదం అనేక మలుపులు తిరిగినా, సెకండ్ హ్యాండ్ డీజిలు బండి ధర మీద దాని నీడ పడింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నిబంధనలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. డీజిలు కారు వదిలే నైట్రోజన్ ఆక్సైడులు కిలోమీటరుకు 0.25 గ్రాముల నుంచి 0.08కి, మసి 0.025 నుంచి 0.0045కి తగ్గాలి. ఇందుకు కావలసిన వడపోత పరికరాల ఖర్చు పెద్ద బండిలో ఇమిడిపోతుంది, చిన్న బండిలో కొట్టవచ్చినట్టు కనబడుతుంది. ఆ నిబంధనలు రాకముందే, 2019 ఏప్రిల్‌లో, మారుతీ తాను డీజిలు కార్లు మానుకొంటున్నట్టు ప్రకటించింది. మల్టీజెట్ కథ మన దేశంలో అలా ముగిసింది.

అందరూ మానలేదు. టాటా నెక్సాన్ 260 న్యూటన్ మీటర్లతోనూ, మహీంద్రా ఎక్స్‌యూవీ 300 ఏకంగా 300తోనూ కొత్త నిబంధనలలోకి అడుగుపెట్టాయి. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ కూడా ఆ దారినే నడిచాయి. వీటన్నిటి ఇంజను 1,500 ఘన సెంటీమీటర్లకు లోబడినదే, పొడవు నాలుగు మీటర్లకు లోపే. ఇది కాకతాళీయం కాదు. 2006 బడ్జెట్ నుంచి చిన్న కారుకు పన్ను తగ్గింపు గీత అక్కడే ఉన్నది; 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. మార్చినప్పుడూ ఆ గీతను అలాగే ఉంచారు. మన చిన్న ఎస్.యు.వి.ల వెనుక భాగం కత్తిరించినట్టు ఉండడానికి కారణం కళాదృష్టి కాదు, పన్నుల చట్టం.

ఇప్పుడు డీజిలు చిన్న బండి కొనదలచినవారు షోరూములో వేడెక్కి ఉన్న బండిని కాక, రాత్రంతా చల్లబడిన బండిని స్టార్టు చేయించి, అద్దాలు దించి వినాలి. కుటుంబమంతా ఎక్కి ఒక ఫ్లైఓవరు మీద రెండో గేరులో మెల్లగా నడిపి చూడాలి. అన్నిటికంటె ముఖ్యంగా రోజుకు ఎంత దూరం, ఏ దారిలో పోతారో లెక్క చూసుకోవాలి. కొత్త డీజిలు బండి పొగగొట్టంలోని జల్లెడలో మసి చేరుతూ ఉంటుంది. అది సుమారు 600 డిగ్రీల వేడిలో కాలి బూడిద కావాలి. ఆ వేడి హైవే మీద తేలికగా పుడుతుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు మూడేసి కిలోమీటర్లు తిరిగే బండిలో పుట్టదు. అప్పుడు జల్లెడను శుభ్రం చేయడానికి ఇంజను అదనంగా డీజిలు పోసి చూస్తుంది. పని సగంలో ఆగితే అందులో కొంత జారి ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఆయిలు కొలిచే పుల్ల మీద మట్టం తగ్గవలసింది పోయి పెరిగి కనిపిస్తే, సర్వీసు గడువు దాకా ఆగకుండా బండిని మెకానిక్కు చూపించాలి.