జవాను చివరి ప్రయాణం

సైన్యంలో పనిచేసేవాడు సెలవుపై ఇంటికి వస్తాడు, సెలవు తీరగానే వెళ్ళిపోతాడు. అతడు యుద్ధంలో మరణిస్తే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? 1965, 1971 యుద్ధాలలో మరణించినవారిలో చాలామందికి యుద్ధభూమికి దగ్గరలోనే అంత్యక్రియలు జరిపారు. ఇంటికి వచ్చింది టెలిగ్రాం. కడసారి చూపు దక్కలేదన్న బాధ ఆ కుటుంబాలకు మిగిలిపోయింది. 1999 కార్గిల్ యుద్ధం నాటి నుంచి దేహాన్ని స్వగ్రామానికి చేర్చటం ఆనవాయితీ అయింది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు మరణించారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ బి. సంతోష్ బాబు ఒకరు. బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు ఆయన అధిపతి. అదే బెటాలియన్ సిపాయి గణేష్ కుంజాంది ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లా. బిలాస్‌పూర్ తెలిపారాలో ఉండి ఈ పాఠం చదివేవారికి ఆ జిల్లా పేరు కొత్త కాదు. జూన్ 17న సంతోష్ బాబు పార్థివదేహం విమానంలో హకీంపేట చేరింది. అక్కడి నుంచి రోడ్డు మార్గాన సూర్యాపేటకు తెచ్చారు. అవి కరోనా రోజులు. అయినా జనం ఇళ్ళలో ఆగలేదు. మరునాడు కాసరాబాద్‌లో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

‘పార్థివదేహం’ అనే మాటను గమనించండి. పృథివి అంటే భూమి. భూమికి సంబంధించినది పార్థివం. ‘శవం’ అనటానికి నోరు రాని చోట ఈ మాట వాడతారు.

ఇక లాంఛనాల సంగతి. సైనికులు తుపాకుల మొనలను నేల వైపు దించి నిలబడతారు. అది సంతాప సూచన. గాలిలోకి మూడుసార్లు కాల్పులు జరుపుతారు. బ్యూగిల్‌పై ‘లాస్ట్ పోస్ట్’ వాయిస్తారు. నిజానికి ఇది శిబిరంలో రాత్రి కాపలా స్థలాలన్నీ చూడటం పూర్తయిందని, ఇక విశ్రమించవచ్చని తెలిపే పిలుపు. దానినే చనిపోయిన సైనికుడికీ వినిపిస్తారు.

శవపేటికపై జాతీయ పతాకాన్ని కాషాయ రంగు తల వైపు ఉండేలా కప్పుతారు. పతాకాన్ని చితిలో కాల్చకూడదు, సమాధిలోకి దించకూడదు. పతాక నియమావళిలో ఈ మాట స్పష్టంగా ఉంది. అందుచేత చితికి నిప్పు పెట్టేముందు దానిని తీసి, జాగ్రత్తగా మడిచి, భార్య చేతికో తల్లిదండ్రుల చేతికో ఇస్తారు. ఆ ఇంటికి తిరిగి వెళ్ళేది అదే.