మీకు తెలుసా? వేప పూతకాలంలో ఇంటికొచ్చే తేనెటీగల సంగతులు

ఉగాది దగ్గరపడేసరికి వేప పూస్తుంది, ఆ వెనకే కానుగ. పూత ఉన్నచోటికి తేనెటీగలూ వస్తాయి. బాల్కనీలో ఒక్క ఈగ కనిపించగానే దోమల మందు డబ్బా అందుకునే ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఆ డబ్బా నొక్కేముందు, వచ్చినవి ఏ రకమో చూడండి. కొన్నిటితో ఏళ్ళ తరబడి కలిసి ఉండొచ్చు. ఒక్క రకంతో మాత్రం ఆటలొద్దు.

● గోరింట పొదలోనో దానిమ్మ కొమ్మకో అరచేయంత పట్టు ఒక్కటే ఉంటే అది చిన్న తేనెటీగలది. కాస్త ఎడంగా నిలబడి చూడండి. పట్టు కొమ్మను చుట్టుకుని, పైన చదునుగా ఉంటుంది. పూలు ఏ దిక్కున ఉన్నాయో చెప్పే నాట్యం ఆ చదును మీదే జరుగుతుంది. పట్టుకు అటూ ఇటూ కొమ్మ మీద మెరిసే జిగురు పట్టీలు కనిపిస్తాయి. చీమలు దాటి రాకుండా చెట్ల బంక తెచ్చి పూసినవి అవి. వంటింట్లో చీమల మందు గీతలు గీసేవాళ్ళకు ఈ ఉపాయం కొత్తేమీ కాదు. ఆ కొమ్మను కత్తిరించకుండా ఉంటే వాటితో పేచీ లేదు.

● గోడ పగుల్లోంచో మీటరు బోర్డు సందులోంచో సన్నటి మైనపు గొట్టం బయటికొచ్చి, దాని మూతి దగ్గర దోమంత నల్లటి ఈగలు కాపలా కాస్తుంటే అసలు భయపడక్కర్లేదు. వీటికి కుట్టే శక్తి లేదు. మరీ విసిగిస్తే జుట్టులో దూరి కొరుకుతాయి, అంతే.

● పందిరి వెదురుకు వేలు పట్టేంత గుండ్రటి కన్నం, కింద రంపపు పొట్టు కనిపించాయా? అది తుమ్మెద పని. ముఖం మీదికి ఝుమ్మంటూ వచ్చి బెదిరించేది సాధారణంగా మగది, దానికి ముల్లే లేదు. ఆడదానికి ఉంది కానీ చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. మునగ పూలకు పరాగం చేరవేయడంలో పెద్దపాత్ర తుమ్మెదలదేనని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లో ప్రచురించారు. పెరట్లో మునగచెట్టు ఉన్నవాళ్ళు ఒక పాత వెదురు బొంగును వాటికి వదిలేస్తే నష్టం లేదు.

● గుమ్మడిపువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, తేనెటీగలు దానికి కాయనిస్తాయి. సొర, బీర సాయంత్రం పూస్తాయి కాబట్టి అక్కడ రెక్కల పురుగులకూ వాటా ఉంది. మామిడి పూతలో ఎక్కువ పని చేసేది మాత్రం మనం ఈసడించుకునే మామూలు ఈగలే.

● పట్టు లేకుండా ఒక్కసారిగా మామిడి కొమ్మకు వేలాడే గుంపు కనిపిస్తే అది దాడికి వచ్చింది కాదు. పాత రాణి సగం సంసారాన్ని వెంటేసుకుని కొత్త ఇంటికి బయల్దేరింది. అన్నీ కడుపునిండా తేనె తాగి ఉంటాయి, కాపాడుకోవడానికి పిల్లలూ లేవు, అందుకే అప్పుడు చాలా నెమ్మదిగా ఉంటాయి. చూసొచ్చిన చోటు గురించి కొన్ని ఈగలు గుంపు మీదే నాట్యమాడి చెబుతాయి. యుద్ధంలో కూలిన మ్యూనిక్ నగరంలో 1949లో మార్టిన్ లిండావర్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి గుంపును చూశాడు. నాట్యమాడే ఈగల ఒంటి మీద పొగగొట్టాల మసి, ఇటుకల పొడి, పిండి అంటుకుని ఉన్నాయి. అవి పూల దగ్గర్నుంచి కాదు, ఇల్లు వెతికి వచ్చాయని అతనికి అలా తట్టింది. మన కొమ్మ మీది గుంపు కూడా కొన్ని గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో తనంతట తనే లేచిపోతుంది.

● ఆటలొద్దన్నది కొండ తేనెటీగతో. వాటర్ ట్యాంకు కిందో, అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు సజ్జా కిందో మీటరు వెడల్పున వేలాడే ఒంటి పట్టు దానిదే. పట్టు మీద తళుక్కుమంటూ అలలు పరుగెత్తడం చూసే ఉంటారు. పెద్ద కందిరీగను బెదరగొట్టడానికి వేలాది ఈగలు వరసగా పొట్టలు పైకెత్తితే వచ్చే అల అది. రాయి విసిరినా, కింద చెత్త తగలబెట్టినా వందల మీటర్లు వెంటపడతాయి. జోలికి వెళ్ళకపోతే పూతలు అయిపోయాక కొన్ని నెలల్లో వెళ్ళిపోతాయి. అదే చోటికి మళ్ళీ వస్తాయి కూడా. వలసపోయిన రాణులు పాత కొమ్మకే తిరిగొచ్చినట్టు అస్సాంలో జన్యుపరీక్షలు చేసి తేల్చారు.

● ఆరేసిన బట్టల మీద, కారు అద్దం మీద పసుపు చుక్కలు పడుతున్నాయా? అది కొండ తేనెటీగల మలం. 1981లో అమెరికా, ఆగ్నేయాసియాలో సోవియట్ మద్దతుతో ‘పసుపు వాన’ అనే విషాయుధం వాడుతున్నారని ఆరోపించింది. హార్వర్డ్ శాస్త్రజ్ఞుడు మాథ్యూ మెసెల్సన్, మరికొందరు ఆకుల మీది ఆ మచ్చల్ని పరీక్షిస్తే దొరికింది తేనెటీగల మలంలోని పుప్పొడి. మీ తెల్ల చొక్కా మీది మరక ఒకప్పుడు అగ్రరాజ్యాల తగాదా.

● కొండ తేనెటీగలు వెన్నెల రాత్రుల్లోనూ పూలకు వెళతాయి. దీపం ఉంటే ఇంట్లోకీ వస్తాయి. చీపురు వద్దు. ఆ గదిలో లైటు ఆర్పి, బయట వెలిగించండి.

● ఎండలు ముదిరితే తేనెటీగలు కుళాయిల దగ్గర మూగేది దాహానికే కాదు. పట్టులో పిల్లలున్న గదుల్ని 35 డిగ్రీల దగ్గర ఉంచడానికి నీళ్ళు చల్లి రెక్కలతో విసురుతాయి. గోడవారగా ఒక మూకుడులో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోసిపెడితే మన సింకు జోలికి రావడం తగ్గుతుంది. అయితే వేసవి మొదట్లోనే పెట్టాలి, ఒకసారి కుళాయి అలవాటైతే మాన్పించడం కష్టం.

● తేనెటీగ కుట్టినచోట పండిన అరటిపండు వాసన వస్తుంది. మిగతావాటిని పిలిచే సంకేతం అది. అందులోని రసాయనాన్ని 1962లోనే గుర్తించారు. ముల్లును గీకి తీయాలి, లాగకూడదని పెద్దలు చెబుతారు. 1996లో చేసిన పరీక్షల్లో ఎలా తీసినా ఒకటేనని, ఆలస్యమే అసలు నష్టమని తేలింది. కాబట్టి గోటికి దొరికినట్టు వెంటనే లాగేయండి. గుంపు వెంటపడితే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని ఇంట్లోకో కారులోకో పరుగెత్తండి. నీళ్ళలో దూకొద్దు, తల ఎత్తేదాకా పైనే తిరుగుతాయి. కుట్టింది ఒక్కటే అయినా ఊపిరాడకపోతే, పెదవులు వాస్తే, లేదా ఒంటినిండా కుడితే 108కి ఫోన్ చేయాల్సిందే.

● బడి దగ్గరో, ముసలివాళ్ళు తిరిగే మెట్ల మీదో కొండ తేనెటీగలు పట్టు పెడితే తీయించక తప్పదు. కాగడాతో కాల్చేవాళ్ళను పిలవకండి. పొగతో ఈగల్ని తప్పించి, పట్టు కోసేవాళ్ళను వెతకండి. పట్టు ఖాళీ అయ్యాక గోడకు అంటిన మైనాన్ని గీకించి ఆ చోట సున్నం వేయించండి. మైనం వాసన ఉన్నంతకాలం మరో గుంపు అక్కడికే వస్తుంది.