వంటింటి పులి

మొన్న దసరా సెలవులకు ముందు ఒక సాయంకాలం మా అబ్బాయి బడినుంచి వస్తూనే, "నాన్నా, రేపు నేను పులిని!" అని ప్రకటించాడు. వాడు మూడో తరగతి. బడిలో విచిత్ర వేషాల పోటీట. చీటీ వారం క్రితమే ఇచ్చారు. వాడు దాన్ని సంచీ అడుగున భద్రంగా దాచాడు. దుకాణాలు కట్టేసే వేళకి రంగులెక్కణ్ణించి తేను?

మా విజయనగరానికి పులివేషం కొత్త కాదు. సిరిమాను పండుగ రోజుల్లో డప్పు మోగితే చాలు, పులులు వీథిన పడతాయి. కాని వాళ్ళలో కొందరు ఒంటికి పులుముకునేది తలుపులకు వేసే రంగు. అది వదలాలంటే కిరసనాయిలో, టర్పెంటైనో పెట్టి తోమాలి. ఎనిమిదేళ్ళ వాడికి ఆ శిక్ష ఎందుకు?

నేను తెలుగు పంతుల్ని. అలంకారాల మీద గంటసేపు పాఠం చెప్పగలను గాని, ఒకరిని అలంకరించి ఎరగను. అయినా తగ్గానా? "1892లో గురజాడవారి కన్యాశుల్కం మొట్టమొదట ఆడింది ఈ వూళ్ళోనే. ఆ రోజుల్లో మగవాళ్ళు ఆడవేషాలు కట్టి మెప్పించేవారు. ఇదే వూరివాణ్ణి, ఒక్క పులిని చెయ్యలేనా!" అంటూ వంటింట్లోకి నడిచాను. మా ఆవిడ నవ్వి, పసుపుడబ్బా నా చేతిలో పెట్టింది.

ఒట్టి పసుపు పులికి చాలదు. కాస్త ఎరుపు తగలాలి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని ఎవరికి తెలియదు? పెళ్ళికూతురి పారాణి అదే కదా! మా అమ్మ తమలపాకుల పళ్ళెంలోని సున్నం డబ్బీ తీశానో లేదో, ఆవిడ చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఏటిరా నువ్వు చేస్తున్నది? పారాణి కాళ్ళకి రాస్తారు గాని మొహానికి రాస్తారా? కిళ్ళీలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కదూ? కంట్లో పడితే చూపే పోతుంది!"

నిజమే. పాదం ఓర్చుకున్నది పసివాడి చెంప ఓర్చుకోదు. పాతకాలపు భాగవతులు మొహానికి అర్దళం పూసుకునేవారని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! పచ్చగా మెరిసే ఆ ఖనిజంలో వున్నది పాషాణమూ, గంధకమూ అన్న మాట మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఇక ఆ రాత్రి మేకప్ బాధ్యత అమ్మదే. రెండు చెంచాల పసుపు, చెంచాడు బియ్యప్పిండి, ముద్ద కావడానికి సరిపడా కొబ్బరినూనె. నీళ్ళు వద్దంది: నీళ్ళతో కలిపిన పిండి ఆరగానే బీటలు వారుతుంది, నవ్వితే పులి రాలిపోతుంది. వాడి మోచేతి మడతలో చుక్క రాసి అరగంట ఆగింది. దురదా, మంటా లేవు. చారల కోసం ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టింది. దాన్ని ఒక్క ఆముదపు చుక్కతో రంగరించింది. గోగునారకి మా జిల్లాలో కరువేమిటి? జడ అల్లితే తోకయింది.

మర్నాడు పొద్దున్న ముందు మొహానికి ఒట్టి కొబ్బరినూనె పలచగా రాసింది. దాని మీద పసుపు ముద్ద. జిడ్డు అంటకుండా పైన పొడి బియ్యప్పిండి అద్దింది. కళ్ళ చుట్టూ వేలెడు మేర వదిలేసి చారలు దిద్దింది. ఎరుపు లేకపోయినా పులి పులే అయింది.

మూడో బహుమతి వచ్చింది. మొదటిది సెల్‌ఫోను వేషానికిట!

సాయంత్రం మా ఆవిడ వాడికి సబ్బు రుద్దిందో లేదో, కెవ్వుమంది. మొహం ఎర్రగా కందిపోయింది! నా గుండె జారింది. అమ్మ మాత్రం తాపీగా వచ్చి నాలుగు చెంబులు నీళ్ళు పోసింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలింది. సున్నానికీ సబ్బుకీ వున్నది ఒకటే క్షారగుణం. పసుపుకి రెండూ ఒకటే. ఆ తరువాత కొబ్బరినూనెతో తుడిచి, సెనగపిండితో నలిస్తే చాలావరకు వదిలింది.

చెవుల వెనక కాస్త మిగిలిపోయింది. దాన్ని మాత్రం రెండు రోజులపాటు వాడు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.